స్కోరు టీవీలో వచ్చేసింది, మరి నీ రిపోర్టులో ఏముంది?

ప్రశ్న: ఆంటీ, నమస్తే. మాది ఖమ్మం. నేను ఆరో తరగతిలో ఉండగా నాన్నగారి ఉద్యోగం వల్ల టెక్సస్ వచ్చేశాం. హైస్కూల్లో మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేదాన్ని. శుక్రవారం రాత్రుళ్లు బ్యాండ్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకి వెళ్లి వెళ్లి ఆ ఆట మీద ప్రాణం పెట్టేశాను. ఇప్పుడు యూనివర్సిటీలో రెండో సంవత్సరం, స్టాటిస్టిక్స్. ఈ సీజన్‌లో మా స్టూడెంట్ పేపర్‌కి ఫుట్‌బాల్ రాస్తున్నాను. అందరిలాగే నేనూ జీతం లేకుండానే. అయినా స్టూడెంట్ పేపర్‌కి రాసేది ఎవరు పట్టించుకుంటారు?

ఆఖరి హోమ్ గేమ్‌లో మావాళ్లు 23-21తో ఓడిపోయారు. చివర్లో మా కిక్కర్ 47 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) మిస్ చేశాడు. అతని వల్లే ఓడామన్నట్టు రాసి పంపాను. మా ఎడిటర్ చదివి, "ఇదంతా నేను టీవీలో చూశాను, నిన్ను అక్కడికి పంపింది ఎందుకు?" అన్నాడు. ఆ కిక్కర్ నా క్లాస్‌మేట్. ప్రెస్ కాన్ఫరెన్స్‌లో ఎదురుగా కూర్చున్నా భయంతో నాకు నోరు పెగల్లేదు. ప్రెస్ బాక్స్‌లో ఒక పెద్దాయన నేనడక్కుండానే ఫోర్త్ డౌన్ అంటే ఏమిటో నాకు చెప్పడం మొదలుపెట్టారు.

ఇంట్లో నాన్న "బంతాట గురించి రాస్తే రేపు వీసా ఎవరిస్తారు?" అంటున్నారు. నేనింకా హెచ్-4 మీదే, అంటే నాన్న వీసా మీద ఆధారపడే వీసా మీదే ఉన్నాను, వచ్చే ఏడాది 21 నిండుతాయి, ఆ తర్వాత అది ఉండదు. హైస్కూల్ ఆటలు రాస్తే ఆటకింత అని ఇస్తామని పక్క ఊరి పేపర్ వాళ్లు అడిగారు. ఒప్పుకోనా? మేజర్ జర్నలిజానికి మార్చుకోనా? నా రిపోర్టు, నోట్‌బుక్ పేజీల ఫొటోలు, ఆ రోజు ఇచ్చిన షీట్లు జత చేస్తున్నాను.

జవాబు: తల్లీ, ముందు అర్జెంటు సంగతి. ఆ పక్క ఊరి పేపర్‌కి ఇంకా సరే అనకు. కారణం కింద రాస్తాను. మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకుందాం.

మీ ఎడిటర్ మాట నీకు గుచ్చుకుని ఉంటుంది. కానీ ఆ అబ్బాయి అడగాల్సిందే అడిగాడు, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్న నేనైనా అదే అడుగుతాను. స్కోరు ఫోన్‌లో ఉంది. ఆ కిక్కు ఎటు పోయిందో ఊళ్లో అందరూ చూశారు. నువ్వు అక్కడ ఉండబట్టే తెలిసింది ఏదో ఒకటి ఉండాలి కదా, అది రిపోర్టులో కనబడాలి. నువ్వు నేర్చుకోవాల్సినదంతా ఆ ఒక్క దాని చుట్టూనే తిరుగుతుంది.

నీ రిపోర్టు మొదటి పేరాలో కారుమబ్బులున్నాయి, కూలిన కలలున్నాయి. అవి ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు తెలుసు. 1924 అక్టోబర్ 18న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో నోటర్‌డేమ్ యూనివర్సిటీ జట్టు ఆర్మీని (సైనిక అకాడమీ జట్టుని) 13-7తో ఓడించింది. గ్రాంట్‌లాండ్ రైస్ అనే పేరుమోసిన క్రీడా రచయిత న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో ఆ ఆట గురించి రాస్తూ, నోటర్‌డేమ్ బ్యాక్‌ఫీల్డ్‌లోని, అంటే ముందు వరస వెనక నిలబడే నలుగురినీ బైబిల్లో ప్రళయం మోసుకొచ్చే నలుగురు రౌతులతో పోల్చాడు. ఆ జట్టు ప్రచారం చూసుకునే జార్జ్ స్ట్రిక్లర్ అనే కుర్రాడు, అతనూ అక్కడి విద్యార్థే, వాళ్లు తిరిగొచ్చాక నలుగురినీ నిజంగానే గుర్రాలెక్కించి ఫొటో తీయించాడు. వందేళ్లు దాటినా ఆ పేరు పోలేదు. కొత్తగా రాసేవాళ్లు ఇప్పటికీ ఆ దారి పట్టబోతారు. కానీ ఆదివారం పొద్దున్న రైస్ వ్యాసం చదివినవాళ్లలో చాలామంది ఆ ఆట చూసినవాళ్లు కారు. మైదానం ఎలా ఉందో, ఆకాశం ఏ రంగులో ఉందో అతను చెబితేనే వాళ్లకి తెలిసేది. నీ పాఠకుడు ఆకాశాన్నీ చూశాడు, కిక్కునీ చూశాడు, స్లో మోషన్‌లో నాలుగు వైపుల నుంచి చూశాడు. అతనికి మబ్బులు అమ్మలేవు.

మరి అతను చూడనిది ఏమిటి? నువ్వు పంపిన షీట్లలోనే ఉంది. ఆఖరి డ్రైవ్, అంటే బంతి మీవాళ్ల చేతిలో ఉన్న చివరి విడత తియ్యి. (ఈ ఆట తెలియనివాళ్ల కోసం: నాలుగు ప్రయత్నాల్లో బంతిని 10 గజాలు ముందుకు తీసుకెళ్లాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. 10 గజాలు దాటితే మళ్లీ నాలుగు దొరుకుతాయి.) మీవాళ్లకి థర్డ్ డౌన్, ఇంకా 6 గజాలు కావాలి, బంతి అవతలివాళ్ల 22 గజాల గీత మీద ఉంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ విసరడానికి వెనక్కి వెళ్లి దొరికిపోయాడు. శాక్, 8 గజాలు నష్టం. బంతి 30 మీదకి వచ్చింది. ఫీల్డ్ గోల్ దూరం ఎలా లెక్కేస్తారో నీకు తెలిసే ఉంటుంది, బంతి ఉన్న గీతకి 17 కలపాలి. గోల్ స్తంభాలు గోల్ గీత వెనక ఉండే ఎండ్ జోన్ చివర ఉంటాయి కాబట్టి ఒక 10, బంతిని పట్టి నిలబెట్టే హోల్డర్ సుమారు 7 గజాలు వెనక మోకాలి మీద ఉంటాడు కాబట్టి ఇంకో 7. 30కి 17 కలిపితే 47. ఆ శాక్ జరక్కుండా పాస్ ఎవరికీ అందకుండా నేల మీద పడి ఉన్నా, 22కి 17, అంటే 39 గజాల కిక్కు. కాలేజీ కుర్రాడి కాలికి 39కీ 47కీ చాలా తేడా ఉంది.

నీ రిపోర్టులో ఆ శాక్‌కి సగం వాక్యం దక్కింది. నీ నోట్‌బుక్‌లో మాత్రం ఆ వరస పక్కన మార్జిన్‌లో తెలుగులో గిలికి ఉంది: "ఎడమవైపు ఖాళీ. 28 అటు చూడలేదు."

ఇందుకమ్మా నువ్వు అక్కడికి వెళ్లింది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. క్వార్టర్‌బ్యాక్ మీద ఉండగా 28 నంబర్ వేసుకున్న రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఎటు తిరిగాడో ఇంట్లో కూర్చున్నవాడికి సరిగా కనబడదు. ప్రెస్ బాక్స్ అంత ఎత్తులో ఉండబట్టే 22 మందీ నీకు ఒక్కసారే కనిపిస్తారు. కొందరు కోచ్‌లు హెడ్‌సెట్ పెట్టుకుని నీ పక్క గదుల్లోనే కూర్చునేది కూడా అందుకే. నువ్వు చూశావు, రాసుకున్నావు కూడా. ఆ తర్వాత లాప్‌టాప్ తెరిచేసరికి అందరూ చూసిన దానివైపే వెళ్లిపోయావు. ఆఖరి బంతికి సిక్స్ కొట్టలేకపోయాడని పదకొండో నంబర్ బ్యాట్స్‌మన్‌ని తిట్టినట్టుంది నీ రిపోర్టు.

అయితే ఆ మార్జిన్ మాటని ఉన్నదున్నట్టు రిపోర్టులో పెట్టేయమని చెప్పడం లేదు. 28 నంబర్ కుర్రాడు అటు చూడకపోవడం నువ్వు చూసిన విషయం. అతను అటు చూడాల్సి ఉందా అన్నది నీకు తెలియని విషయం. ఆ ప్లేలో అతని పని కుడివైపు అయ్యుండొచ్చు, లైన్‌లో, అంటే ముందు నిలబడి అడ్డుకునేవాళ్లలో ఎవరో వరస మార్చి చెబితే అతనికి వినబడక పోయి ఉండొచ్చు. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీని అడిగి పూరించుకోవాలి. నీ ప్రశ్న అక్కణ్నుంచే పుడుతుంది. నోరు పెగలకపోవడానికి నువ్వు భయం అని పేరు పెట్టావు. నాకైతే అడగడానికి నీ దగ్గర ఫలానా అంటూ ఏమీ లేకపోవడమే కారణం అనిపిస్తోంది. "ఈ ఓటమి గురించి చెప్పండి" అని కోచ్‌ని అడగడానికి ఎవరికైనా నోరు రాదు, అడిగినా వచ్చేది అరిగిపోయిన జవాబే. "థర్డ్ అండ్ 6లో శాక్ అయింది కదా, ఎడమవైపు నుంచి వచ్చినవాణ్ని ఆపాల్సింది ఎవరు?" అని అడుగు. బహుశా పేరు చెప్పడు, మంచి కోచ్‌లు ఒక కుర్రాణ్ని అలా నిలబెట్టరు. కానీ "మా కాల్ మారింది, అందరికీ అందలేదు" అంటాడు, లేదా "టైమ్‌అవుట్ తీసుకోవాల్సింది" అంటాడు. ఏదన్నా నీకు కథ దొరికినట్టే. ప్రశ్న చిన్నదిగా ఉండనీ. ఒక ప్లే, ఒక "ఎందుకు" లేదా "ఏం జరిగింది", అంతే. ప్రశ్న ముందు నీకు తెలిసిందంతా చెప్పుకోవద్దు.

ఇంకొకటి. కోచ్ కంటే ఆ జట్టు సెంటర్, అంటే లైన్ మధ్యలో ఉండే ఆటగాడు, నీకు ఎక్కువ పనికొస్తాడు. లైన్‌లో ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో చాలా జట్లలో అరిచి చెప్పేది అతనే. అతన్ని మైకు ముందుకి పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకే పిలిస్తే బాగా మాట్లాడతాడు. ఎవరెవరు కావాలో ఆట ముగిశాక అడిగితే లాభం లేదు. నాలుగో క్వార్టర్ నడుస్తుండగానే యూనివర్సిటీ స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ ఆఫీసు వాళ్లకి పేర్లు చెప్పి ఉంచు.

అంకెల దగ్గర ఒక తప్పు దిద్దుకో. క్వార్టర్‌బ్యాక్ 9 సార్లు పరిగెత్తి మైనస్ 14 గజాలు తెచ్చాడని, పరుగులో ఘోరంగా విఫలమయ్యాడని రాశావు. కాలేజీ ఫుట్‌బాల్ లెక్కల్లో శాక్ అయినప్పుడు పోయిన గజాలన్నీ క్వార్టర్‌బ్యాక్ రన్నింగ్ ఖాతాలో పడతాయి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు, అక్కడ అవి జట్టు పాసింగ్ నుంచి పోతాయి. అతను నిజంగా పరిగెత్తినవి వేరు చేసి చూడు, నీ షీట్ ప్రకారం 5 పరుగుల్లో 17 గజాలు తెచ్చాడు. మిగతా నాలుగూ శాక్‌లే, వాటిలో 31 గజాలు పోయాయి. అంటే ఆ మైనస్ 14 చెబుతున్నది అతని కాళ్ల గురించి కాదు, అతని ముందున్న లైన్ గురించి. ఆఖరి శాక్ ఒక్కసారి జరిగిన పొరపాటు కాదని, సాయంత్రమంతా అదే జరుగుతోందని నీ షీటే చెబుతోంది. స్టాటిస్టిక్స్ చదివే అమ్మాయివి, ఈ అంకె ఎలా పుట్టిందని అడగడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక ఆ కిక్కర్ అబ్బాయి. అతన్ని అడగకుండా వదిలేయడం దయ అనుకున్నావేమో, కాదు. అతను మైకు ముందుకి వచ్చి కూర్చున్నాడంటే మాట్లాడటానికి సిద్ధపడే వచ్చాడు. నువ్వు అడగలేదు, కానీ తప్పు అతనిదేనని రాశావు. ఈ రెండూ కలిస్తే అన్యాయం అవుతుంది. ఒక ఫీల్డ్ గోల్‌లో ముగ్గురి పని ఉంటుంది. స్నాపర్ బంతి వెనక్కి పంపాలి, హోల్డర్ పట్టి లేసులు గోల్ వైపుకి తిప్పి నిలబెట్టాలి, కిక్కర్ తన్నాలి. అంతా కలిపి సుమారు 1.3 సెకన్లు. "స్నాప్ ఎలా వచ్చింది? తన్నినప్పుడు నీకు ఏం తెలిసింది?" అని అడిగి ఉంటే అతను తన మాటల్లో చెప్పేవాడు. "అంతా బాగానే వచ్చింది, నేనే సరిగా తన్నలేదు" అన్నా సరే, అది అతను ఒప్పుకున్న మాటగా రాస్తావు, నువ్వు వేసిన శిక్షగా కాదు. ఇప్పుడైనా మించిపోయింది లేదు. క్లాసులో కలుస్తాడు కదా, రిపోర్టర్‌గా మాట్లాడుతున్నానని ముందే చెప్పి అడుగు. కాదంటే ఊరుకో.

ఆ మాట "ముందే చెప్పి" అన్నది చాలా ముఖ్యం. నువ్వు వాళ్లతో క్లాసులో కూర్చుంటావు, మెస్‌లో తింటావు. ఫలానావాడి చీలమండ వాచిందని పక్క బెంచీలో వినబడుతుంది. అలా చెవిన పడింది వార్త కాదు. జట్టు వాళ్లనీ అతన్నీ అడిగి రూఢి చేసుకున్నాకే వార్త. స్నేహితులకి కూడా చెప్పొద్దు. పందేలు కాసేవాళ్లకి అలాంటి కబురు డబ్బుతో సమానం. టెక్సస్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్‌కి చట్టం అనుమతి లేకపోయినా ఫోన్లకి రాష్ట్ర సరిహద్దులు లేవు. పందెం పోగొట్టుకున్నవాళ్లు 20 ఏళ్ల కుర్రాళ్లకి బూతులతో మెసేజ్‌లు పెడుతున్నారు. కిక్ మిస్ చేసిన రాత్రి నీ క్లాస్‌మేట్ ఫోన్ ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు. నిజం రాయాలి, మెత్తగా చేసి రాయమనడం లేదు. కానీ ఆటగాడు ఏం చేశాడో రాయి, ఎలాంటివాడో తీర్పు చెప్పకు.

ప్రెస్ బాక్స్ పెద్దాయన విషయంలో ఎక్కువ బాధపడకు. 1977 వరల్డ్ సిరీస్‌లో ఆడమనిషి అన్న కారణంతో బేస్‌బాల్ లాకర్ రూమ్‌లోకి రానివ్వకపోతే మెలిస్సా లడ్కీ అనే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ రిపోర్టర్ తరఫున కోర్టుకి వెళ్లారు. 1978లో న్యూయార్క్‌లో జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఆమెకి అనుకూలంగా తీర్పిచ్చారు. మా తరం ఆడవాళ్లకి ఈ పనిలో చోటు దొరికింది అలా. నీకు చోటు ఉంది, ప్రెస్ పాస్ మీద నీ పేరుంది. ఆయన మళ్లీ మొదలుపెడితే "థ్యాంక్యూ సర్, నోట్స్ రాసుకుంటున్నాను" అని తల దించుకుని నీ పని చూసుకో. ఆటకి ముందు మైకులో చెబుతారే, ప్రెస్ బాక్స్‌లో కేరింతలు వద్దని, ఆ నియమాన్ని మాత్రం నూటికి నూరుపాళ్లు పాటించు. స్కూల్ రంగుల టీషర్టు కూడా వద్దు. బ్యాండ్‌లో ఉన్నప్పుడు అరిచావు, అది అప్పటి సంగతి. ఓడినందుకు బాధ కలిగితే కలగనీ, దాన్ని ఆ కుర్చీలో కూర్చుని చూపించకూడదు, అంతే.

డెడ్‌లైన్ టెన్షన్‌కి అందరూ వాడే పద్ధతే వాడు. ఈ ఆటకున్న నేపథ్యం, రికార్డులు, సీజన్ పరిస్థితి ఆటకి ముందే రాసి పెట్టుకో. హాఫ్‌టైమ్‌లో మొదటి సగం రెండు చిన్న పేరాలుగా రాసెయ్. నాలుగో క్వార్టర్ మధ్యకి వచ్చేసరికి గెలిస్తే ఒక మొదలు, ఓడితే ఒక మొదలు, రెండూ సిద్ధంగా ఉండాలి. ఆట ముగియగానే సరిపోయినది పైన పెట్టి పంపేసి ఇంటర్వ్యూలకి దిగు. పైకొచ్చాక దొరికిన మాటలతో మళ్లీ రాయి. ఆ రెండో కాపీలోనే 28 నంబర్ కుర్రాడు కనిపించాలి. రాశాక ఒకసారి అదే కథని మీ నాన్నగారికి ఫోన్‌లో తెలుగులో చెప్పు, టర్ములు లేకుండా. ఆయన "అయితే తప్పు తన్నిన అబ్బాయిది కాదన్నమాట" అన్నారంటే నీ కథ నిలబడ్డట్టే.

స్టూడెంట్ పేపర్‌కి రాసేది ఎవరు పట్టించుకుంటారని నీ ఉత్తరంలో ఒక చోట అన్నావు. 2023 జులై 7న నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఒక విచారణ తర్వాత తన ఫుట్‌బాల్ కోచ్ ప్యాట్ ఫిట్జ్‌జెరాల్డ్‌ని జీతం లేకుండా రెండు వారాలు సస్పెండ్ చేసింది. విషయం అక్కడితో సద్దుమణిగేది. మర్నాడు డైలీ నార్త్‌వెస్టర్న్ అనే స్టూడెంట్ పేపర్, జట్టులో హేజింగ్ (మన ర్యాగింగ్ లాంటి వేధింపు) ఏ రూపంలో జరిగేదో ఒక మాజీ ఆటగాడు చెప్పిన వివరాలతో వార్త వేసింది. జులై 10న కోచ్‌ని తీసేశారు. తనకేమీ తెలియదని ఆయన మొదటి నుంచీ అన్నారు, కోర్టుకి వెళ్లారు, 2025లో రాజీ కుదిరింది. ఎవరి వాదన ఎంతవరకు నిజమో ఆ కేసు పత్రాలు చదివి నీకు నువ్వే చూసుకో. నేను చెప్పేది ఒక్కటే. ఆ వార్త తెచ్చింది నీ వయసు పిల్లలు, రాసింది నీలాంటి పేపర్లో. క్యాంపస్‌లో ఉన్నందువల్ల వాళ్లతో మాట్లాడేవాళ్లు ఉన్నారు, పెద్ద పేపర్లకి ఆ వీలు లేదు.

ఇప్పుడు వీసా. హెచ్-4 మీద ఉన్న పిల్లలకి అమెరికాలో పని చేసే అనుమతి లేదు. ఆటకి 50 డాలర్లయినా సరే, చెక్కు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం. రేపు విద్యార్థి వీసా ఎఫ్-1కి మారేటప్పుడు, ఆ తర్వాత గ్రీన్ కార్డు దాకా అది వెంటాడుతుంది. "డబ్బొద్దు, ఊరికే రాస్తాను" అన్నా తప్పించుకున్నట్టు కాదు, మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేసినా ఉద్యోగంగా చూసే ప్రమాదం ఉంది. అందరూ స్వచ్ఛందంగా రాసే మీ స్టూడెంట్ పేపర్ సంగతి వేరు. అయినా దాని గురించి కూడా ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకో. 21 నిండకముందే ఎఫ్-1కి మారే పని మొదలవ్వాలి, దానికి మీ నాన్నగారు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఇప్పుడే మాట్లాడటం మంచిది. ఎఫ్-1 వచ్చాక కూడా క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు, బయటి పేపర్‌కి రాయాలంటే సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేయడానికి ఇచ్చే అనుమతి) లాంటిది ముందు ఉండాలి. పక్క ఊరి ఎడిటర్‌కి ఉన్న విషయం ఉన్నట్టు రాయి: "ఇప్పుడు నాకు పని చేసే అనుమతి లేదు, వచ్చాక నేనే అడుగుతాను." మంచి ఎడిటర్లు అలాంటి ఈమెయిల్ దాచుకుంటారు.

మేజర్ మార్చొద్దు. రాత తక్కువదని కాదు, ఈ మాట మీ నాన్నగారికి కూడా చదివి వినిపించు. డిగ్రీ తర్వాత చదివిన రంగంలో పని చేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న చదువైతే ఇంకో 24 నెలలు. స్టాటిస్టిక్స్ ఆ జాబితాలో ఉంది, మామూలు జర్నలిజం డిగ్రీ లేదు. మూడేళ్లకీ ఒక ఏడాదికీ ఉన్న తేడా నీ జీవితంలో చాలా పెద్దది. జర్నలిజం మైనర్ చెయ్యి, పేపర్లో రాస్తూనే ఉండు. పత్రికల పరిస్థితి గురించి మీ నాన్నగారి భయం ఒట్టిది కాదు. 2023లో న్యూయార్క్ టైమ్స్ తన స్పోర్ట్స్ డెస్క్‌నే మూసేసి, ఆ పని తాను కొన్న అథ్లెటిక్ అనే క్రీడా వార్తల సైట్‌కి అప్పగించింది. ఆ తర్వాతి జనవరిలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్‌లో పెద్ద ఎత్తున ఉద్యోగాలు పోయాయి.

అయినా ఈ ఆటలో అంకెలు చదవగలిగేవాళ్ల అవసరం ఇప్పుడున్నంత ఎప్పుడూ లేదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం వచ్చాక యూనివర్సిటీలే వాళ్లకి నేరుగా చెల్లిస్తున్నాయి, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేస్తూ ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సి వచ్చింది దాదాపు 7.6 కోట్ల డాలర్లు. ఆ అంకె కోచ్ చెబితే రాలేదు, ఒప్పందంలో ఉంది. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ కోచ్‌ల ఒప్పందాలు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, మన దగ్గర సమాచార హక్కు దరఖాస్తు పెట్టినట్టే. మీ యూనివర్సిటీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఈ సెమిస్టర్‌లోనే మీ కోచ్ ఒప్పందం తెప్పించుకుని చదువు. బోనస్ ఎన్ని గెలిస్తే వస్తుంది, తీసేస్తే ఎవరు ఎంత కట్టాలి, ఏ ఖాతా నుంచి కట్టాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. నీ ప్రెస్ బాక్స్‌లో కూర్చునేవాళ్లలో ఎంతమంది దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి ఉంటారో నాకు అనుమానమే.

సీజన్ అయిపోయింది కదా అని ఖాళీగా ఉండకు. ఎడిటర్‌ని అడిగి వాలీబాల్, సాఫ్ట్‌బాల్ కూడా తీసుకో. ఫుట్‌బాల్ కోచ్ ముందు ముప్పై మంది ఉంటారు, నీకు దక్కేది ఒక్క ప్రశ్న. వాలీబాల్ కోచ్ దగ్గర నువ్వొక్కదానివే ఉండొచ్చు, అరగంట కూర్చోబెట్టి చెబుతుంది. అది చిన్న ఆట అనే భ్రమ కూడా వద్దు. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కాలో ఆడపిల్లల వాలీబాల్ ఆటని ఫుట్‌బాల్ స్టేడియంలో పెడితే 92,003 మంది వచ్చారు. ఇక వసంతంలో ఫుట్‌బాల్ ప్రాక్టీస్ మొదలైనప్పుడు మీడియాకి తెరిచిన రోజుల్లో అందరూ క్వార్టర్‌బ్యాక్‌ల చుట్టూ మూగుతారు. నువ్వు లైన్ కోచ్ దగ్గరికి వెళ్లు. ఆ థర్డ్ అండ్ 6 షీట్ చేతిలో పెట్టి, ఎడమవైపు నుంచి వచ్చినవాణ్ని ఆపడానికి ఎన్ని పద్ధతులున్నాయో చూపించమని అడుగు. అతను చెప్పింది రాసుకుని, నోట్‌బుక్ పేజీల ఫొటోలు నాకూ పంపు.